స్పోర్ట్స్ కారు క్లచ్ ఎందుకింత తొందరగా పోతోంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ శాతం క్లచ్ గురించే, అందులోనూ స్పోర్ట్స్ కార్ల క్లచ్ గురించే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి పక్కనపెట్టి ఈ ఒక్క విషయమే పట్టుకున్నా.

ప్రశ్న: సార్, నాది మాన్యువల్ గేర్ల రెండు డోర్ల స్పోర్ట్స్ కారు. ఇంజిన్‌లో ఏ మార్పులూ చేయించలేదు, కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. రేసులకి పోను, ట్రాక్ మీదకి తీసుకెళ్ళను, ఎక్కువగా సిటీలోనే తిరుగుతా. అయినా 25 వేల కిలోమీటర్లకే క్లచ్ స్లిప్ అవుతోంది, అంటే పట్టు లేక జారుతోంది. ఇంట్లో ఉన్న మామూలు కారు లక్ష దాటినా ఇంకా పాత క్లచ్‌తోనే నడుస్తోంది. ఇంత ఖరీదైన కారుకి ఇంత నాసిరకం క్లచ్ ఎలా పెట్టారండీ?

జవాబు: నాసిరకం కాదండీ. "ఎక్కువగా సిటీలోనే తిరుగుతా" అన్నారు చూడండి, జవాబు అక్కడే ఉంది. స్పోర్ట్స్ కారు క్లచ్ స్పీడుకి పోతుందని చాలామంది అనుకుంటారు గానీ హైవే మీద ఒకే స్పీడులో పోతున్నప్పుడు క్లచ్‌కి అరుగుదల దాదాపు ఉండనే ఉండదు, ఎందుకంటే ఫ్లైవీల్ (ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం), క్లచ్ ప్లేటు (గేర్‌బాక్స్‌ని తిప్పేది), ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి నొక్కి పట్టేది) మూడూ కలిసి ఒకే ముద్దలా తిరుగుతుంటాయి, ఒకదానికొకటి రాసుకోవు. అరిగేదంతా అవి రాసుకునే ఆ ఒకటి రెండు సెకన్లలోనే, అంటే ముఖ్యంగా బండి నిలబడ్డ చోటి నుంచి కదిలేటప్పుడు. బావి దగ్గర చేంతాడు గట్టిగా పట్టుకుంటే చెయ్యి కాలదు, జారనిస్తేనే కాలుతుంది, క్లచ్ సంగతీ అంతే.

ఇప్పుడు మీ కారు ఫస్ట్ గేరు చూద్దాం. మామూలు కారు ఫస్ట్ గేరులో 45 దాటితే ఇంజిన్ అరుస్తుంది, స్పోర్ట్స్ కారు అదే ఫస్ట్ గేరులో 70, 80 దాకా లాగుతుంది. ఇది గొప్పగానే ఉంటుంది గానీ దీనికి ఇంకో వైపు ఉంది. 8,000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 80 పోయే బండి, ఐడిలింగ్ 800 ఆర్‌పీఎమ్ దగ్గర 8 కిలోమీటర్ల స్పీడులో పోతుంది. అంటే 8 కంటే నెమ్మదిగా పాకాలంటే క్లచ్ పూర్తిగా వదలడానికి లేదు, హాఫ్ క్లచ్‌లో, అంటే సగం నొక్కి జారుతూ ఉంచాల్సిందే. సిటీ ట్రాఫిక్‌లో 4, 5 స్పీడులో పాకడం ఎంతసేపు ఉంటుందో మీకు తెలుసు. మామూలు కారులో ఆ హద్దు ఐదు ఐదున్నర దగ్గర ఉంటుంది కాబట్టి ఆ డ్రైవర్ అదే రోడ్డు మీద క్లచ్ వదిలేసి హాయిగా పోగలడు, మీరు పోలేరు.

ఇంకో లెక్క చెప్తా, ఇది క్లచ్ ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలని నా కోరిక. బండి కదిలేటప్పుడు ఇంజిన్‌ని ఒకే ఆర్‌పీఎమ్ దగ్గర పట్టుకుని క్లచ్ మెల్లగా వదిలితే, క్లచ్ పూర్తిగా పట్టుకునే సమయానికి బండికి ఎంత శక్తి చేరిందో దాదాపు అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారిపోతుంది. సమానంగా, సగం సగం. మీ బండి మనిషితో కలిపి 1,400 కేజీలు అనుకుందాం. 1,500 ఆర్‌పీఎమ్ దగ్గర కదిలిస్తే 15 కిలోమీటర్ల స్పీడు వచ్చేసరికి క్లచ్ పట్టేస్తుంది, పుట్టిన వేడి సుమారు 12 కిలోజౌళ్ళు. 2,500 దగ్గర కదిలిస్తే 25 స్పీడు వచ్చేదాకా జారుతూనే ఉంటుంది, వేడి సుమారు 34 కిలోజౌళ్ళు. అదే 4,000 దగ్గర పట్టుకుని లాంచ్ చేస్తే, అంటే రేసులోలా ఒక్కసారిగా దూకిస్తే, 86 కిలోజౌళ్ళు దాటుతుంది. చూశారా, ఆర్‌పీఎమ్ మూడింతలు కూడా పెరగలేదు, వేడి మాత్రం ఏడింతలైంది. స్పీడు వర్గంతో పెరుగుతుంది కదా శక్తి, అందుకే. గట్టిగా ఒక్కసారి లాంచ్ చేయడం అంటే మెత్తగా ఏడుసార్లు కదిలించినంత, పైగా ఆ వేడంతా రెండు మూడు సెకన్లలో వేలెడు మందం కూడా లేని ప్లేటు ముఖం మీద పుడుతుంది, ఫ్లైవీల్ లోపలికి పాకేంత టైము ఉండదు.

మీరు లాంచ్‌లు చేయరు, ఒప్పుకుంటా. కానీ 1,500 బదులు 2,500 దగ్గర కదిలించే అలవాటు ఉంటే ప్రతి సిగ్నల్ దగ్గరా మూడింతల వేడి అన్నమాటే. స్పోర్ట్స్ కారులో ఈ అలవాటు తెలియకుండానే వచ్చేస్తుంది, కారణం ఫ్లైవీల్. ఇంజిన్ చకచకా రైజ్ అవ్వాలని దాన్ని తేలిగ్గా చేస్తారు, తేలిక ఫ్లైవీల్‌లో దాచుకున్న శక్తి తక్కువ కాబట్టి క్లచ్ వదలగానే ఇంజిన్ ఆగిపోతుంది, నాలుగుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయాక ఎవరైనా భయంతో కాస్త ఎక్కువ రైజ్ ఇచ్చి క్లచ్ ఇంకాస్త మెల్లగా వదలడం మొదలుపెడతారు. అది క్లచ్‌కి రెండు వైపులా దెబ్బ, ఆర్‌పీఎమ్ ఎక్కువ, జారే సమయమూ ఎక్కువ.

ప్లేటు సైజు కూడా చూడాలి. ఇంజిన్, గేర్‌బాక్స్ నేలకి ఎంత దగ్గరగా కూర్చుంటే మలుపుల్లో బండి అంత నిలకడగా ఉంటుంది, అలా కిందికి దించాలంటే ఫ్లైవీల్, క్లచ్ చిన్నవిగా ఉండాలి. దీనికి పరాకాష్ఠ పోర్షా కరేరా జీటీ, 612 హార్స్‌పవర్ వీ10 ఇంజిన్‌కి వాళ్ళు పెట్టిన సిరామిక్ క్లచ్ వ్యాసం 169 మిల్లీమీటర్లు మాత్రమే. చాలా మామూలు కార్లలో 200 పైనే ఉంటుంది. రెండు ప్లేట్లు పెట్టి, సిరామిక్ వాడి ఆ చిన్న సైజుకి సరిపెట్టారు. ఆ కారు కదిలించేటప్పుడు ఎక్స్‌లరేటర్ ముట్టుకోకుండా క్లచ్ వదలడమే పద్ధతి, ఆగిపోకుండా ఇంజిన్ కంప్యూటర్ చూసుకుంటుంది, రైజ్ ఇచ్చి వదలబోయినవాళ్ళకే అది మొరాయించేది.

ఇక ఎత్తు మీద సిగ్నల్ పడితే బ్రేక్ నొక్కకుండా క్లచ్, ఎక్స్‌లరేటర్ మీదే బండిని ఆపి ఉంచేవాళ్ళున్నారు, చాలా నైపుణ్యం ఉన్నట్టు అనిపిస్తుంది చూడ్డానికి. పైన చెప్పిన బండినే తీసుకోండి, పది శాతం ఎత్తు మీద, 1,500 ఆర్‌పీఎమ్ దగ్గర అలా పట్టుకుంటే సెకనుకి దాదాపు 6 కిలోజౌళ్ళు పుడతాయి. పది సెకన్లు అంటే దాదాపు ఐదుసార్లు కదిలించినంత వేడి, బండి అంగుళం కూడా కదలకుండా. దయచేసి ఇది మాత్రం మానేయండి, హ్యాండ్‌బ్రేక్ అందుకే ఉంది. సెల్లార్ ర్యాంపు మీద వెనక్కి ఎక్కించడం కూడా ఇలాంటిదే, వెనక్కి నెమ్మదిగానే పోతాం, రివర్స్ గేరు కూడా ఇంచుమించు ఫస్ట్ గేరు లాంటిదే, దాంతో హాఫ్ క్లచ్ తప్పదు, కాబట్టి వీలైతే ముందుకి ఎక్కించి పైన తిప్పుకోండి.

ట్రాఫిక్‌లో ముందు బండికీ మీకూ కాస్త ఖాళీ రానివ్వండి, రెండు కార్ల చోటు వచ్చాక కదిలి క్లచ్ పూర్తిగా వదిలేయండి. వెనకాల హారన్ కొడతారు, కొట్టనివ్వండి.

ప్రశ్న: టర్బో పెట్రోల్ స్పోర్ట్స్ కారండీ, ఈ మధ్యే కంప్యూటర్ రీమ్యాప్ చేయించా, అంటే బలం పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించా. టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 320 నుంచి 420 న్యూటన్ మీటర్లు అయిందని చెప్పారు. ఫస్ట్, సెకండ్, థర్డ్‌లో బాగానే పోతోంది. ఐదో గేరులో 3,000 దగ్గర ఫుల్లుగా తొక్కితే మాత్రం ఆర్‌పీఎమ్ ముల్లు గబుక్కున పైకి పోతోంది, స్పీడు పెరగట్లేదు. తక్కువ గేర్లలో రాని స్లిప్ పై గేరులో ఎందుకొస్తోంది? గేర్‌బాక్స్ ప్రాబ్లమ్ అంటున్నాడు తెలిసిన మెకానిక్.

జవాబు: గేర్‌బాక్స్ జోలికి పోనివ్వకండి, మీరు రాసింది అచ్చంగా క్లచ్ స్లిప్. మాన్యువల్ గేర్‌బాక్స్ పళ్ళు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉంటాయి, అవి జారవు, గేరు ఊడితే న్యూట్రల్‌లో పడుతుంది తప్ప ఇలా మెల్లగా రైజ్ అవ్వదు.

పై గేరులోనే ఎందుకంటే, తక్కువ గేరులో మీరు తొక్కగానే ఇంజిన్ చకచకా స్పీడు అందుకుంటుంది, ఆ స్పీడు అందుకోవడానికే ఫ్లైవీల్, క్రాంక్ కొంత టార్క్ మింగేస్తాయి, మిగిలిందే క్లచ్ దాకా వస్తుంది. పైగా ఎక్కువ టార్క్ ఉండే ఆర్‌పీఎమ్ రెండు సెకన్లలో దాటిపోతుంది. ఐదో గేరులో ఇంజిన్ మెల్లగా పెరుగుతుంది కాబట్టి టార్క్ దాదాపు మొత్తం క్లచ్ మీదే పడుతుంది, పడి అక్కడే పది సెకన్లు కూర్చుంటుంది. అందుకే స్లిప్ ఎప్పుడూ ముందు టాప్ గేర్లలో, మధ్య ఆర్‌పీఎమ్‌లో, ఎత్తు రోడ్డు మీద బయటపడుతుంది, ఆ తర్వాతే కింది గేర్లకి దిగుతుంది.

క్లచ్ ఎంత టార్క్ మోయగలదో తేల్చేవి నాలుగే. ప్రెషర్ ప్లేటు ఎంత గట్టిగా నొక్కుతోంది, లైనింగ్‌కి (ప్లేటు ముఖం మీది రాసుకునే పొర) ఎంత పట్టు ఉంది, ప్లేటు ఎంత వెడల్పు, ఎన్ని ముఖాలు రాసుకుంటున్నాయి. ఉదాహరణకి 7,000 న్యూటన్ల నొక్కుడు, 0.3 పట్టు, తొమ్మిదిన్నర సెంటీమీటర్ల సగటు వ్యాసార్థం, రెండు ముఖాలు, ఇవన్నీ గుణిస్తే 400 న్యూటన్ మీటర్లకి ఒక్క పిసరు తక్కువ. 320 ఇచ్చే ఇంజిన్‌కి ఇది చక్కగా సరిపోతుంది, పావు వంతు మిగులు కూడా ఉంటుంది. కంపెనీలు ఇలాంటి మిగులు పెట్టేది అరుగుదలకీ వేడికీ, రీమ్యాప్‌కి కాదు. మీరు ఆ మిగులు మొత్తం వాడేసి ఇంకా పైకి పోయారు.

రీమ్యాప్ చేసేవాళ్ళు హార్స్‌పవర్ గురించి గొప్పగా చెప్తారు, క్లచ్‌ని చంపేది మాత్రం టార్క్. టర్బో ఇంజిన్లలో రీమ్యాప్‌తో అన్నిటికంటే ఎక్కువ పెరిగేది ఆ మధ్య ఆర్‌పీఎమ్ టార్కే. పాత మ్యాప్ వేయించుకుంటే స్లిప్ ఆగిపోవచ్చు, కానీ ఇప్పటిదాకా జారిన జారుడుకి లైనింగ్ మాడి అద్దంలా మెరిసిపోయి ఉంటే ఆ పట్టు తిరిగి రాదు. కొత్త ప్రెషర్ ప్లేటు వేయించుకోవాలనుకుంటే 420కి కాదు, దాని పైన పావు వంతు మిగులు ఉన్నది అడగండి. అప్పటిదాకా ఐదో గేరులో, ఆరో గేరులో ఫుల్లుగా తొక్కొద్దు, ఒక గేరు దించి తొక్కండి.

ఇంకోటి, స్లిప్ ఉందో లేదో చూడ్డానికి కొందరు హ్యాండ్‌బ్రేక్ లాగి, పై గేరు వేసి, రైజ్ ఇచ్చి క్లచ్ వదులుతారు. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ బాగున్నట్టట. మంచి క్లచ్‌కి కూడా అది శిక్షే, అరిగిన క్లచ్‌కైతే అదే ఆఖరి దెబ్బ అవుతుంది. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 2,000 దగ్గరి నుంచి ఒక్కసారి పూర్తిగా తొక్కి రెండు ముళ్ళూ కలిసి లేస్తున్నాయా లేదా చూస్తే చాలు.

ప్రశ్న: క్లచ్ సెట్ మొత్తం కొత్తది వేయించా సార్, మూడు నెలలు కాలేదు, మళ్ళీ స్లిప్. మెకానిక్ నా డ్రైవింగ్ బాగోలేదంటున్నాడు. పదిహేనేళ్ళ నుంచి నడుపుతున్నా, నాకు ఎప్పుడూ ఇలా జరగలేదు. ఇంకేమైనా కారణం ఉంటుందా?

జవాబు: ఉంటుంది, మీ ఉత్తరం చదివితే నాకు డ్రైవింగ్ కంటే వేరే అనుమానాలే ఎక్కువ వస్తున్నాయి. మూడు నెలల్లో ప్లేటు అరిగిపోవాలంటే రోజూ కాల్చాలి, కాలిస్తే ఆ మాడు వాసన మీకు తెలిసేది.

అన్నిటికంటే ముందు ఆయిల్. క్రాంక్‌షాఫ్ట్ వెనక ఒక ఆయిల్ సీల్, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ దగ్గర ఇంకో సీల్ ఉంటాయి, రెండింటిలో ఏది కారినా చుక్కలు క్లచ్ దగ్గరికే చేరతాయి. పైన చెప్పిన లెక్కలో 0.3 పట్టు ఆయిల్ తగిలి 0.2కి పడిందనుకోండి, 400 మోసే క్లచ్ 270 కూడా మోయదు, 320 ఇంజిన్‌కి స్లిప్ గ్యారంటీ. గేర్‌బాక్స్ దించినప్పుడే వెనక సీల్ మార్చాలి, సీల్ ఖర్చు కొంచెమే, దించి ఎక్కించే పనే పెద్దది. బెల్‌హౌసింగ్ (క్లచ్‌ని మూసి ఉంచే డొప్ప) అడుగున తడి ఉందా చూడమనండి, వేలు పెట్టి వాసన చూస్తే ఇంజిన్ ఆయిలా, గంధకం వాసనొచ్చే గేర్ ఆయిలా తెలిసిపోతుంది, ఏ సీలో కూడా దాన్నిబట్టే తేలుతుంది. ఆయిల్ తాగిన లైనింగ్‌ని పెట్రోల్‌తో కడిగి మళ్ళీ ఎక్కిస్తామంటారు కొందరు, ఒప్పుకోకండి, వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్ళీ పైకొస్తుంది.

సీల్ బాగానే ఉంటే బిగించిన పద్ధతి చూడాలి. కొత్త ప్రెషర్ ప్లేటుకి తుప్పు పట్టకుండా పూత పూసి పంపుతారు, కొన్నిటిని బ్రేక్ క్లీనర్‌తో తుడిచాకే ఎక్కించాలి. స్ప్లైన్‌కి (క్లచ్ ప్లేటు కూర్చునే షాఫ్ట్ మీది గాడులు) గ్రీజు ఎక్కువ పూస్తే తిరిగేటప్పుడు అది చిమ్మి లైనింగ్ మీద పడుతుంది. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, సన్న పగుళ్ళు ఉన్నా దాన్ని అలాగే వదిలేసి కొత్త ప్లేటు వేస్తే ఆ ప్లేటు మొత్తం ముఖంతో ఆనదు, ఆనిన కొద్ది చోటే మాడిపోతుంది. మామూలు ఫ్లైవీల్ అయితే లేత్ షాపులో ముఖం తీయించొచ్చు, డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ (రెండు ముక్కలుగా, మధ్యలో స్ప్రింగులతో ఉండేది) అయితే చాలావరకు మార్చడమే దారి.

మూడోది ఎవరూ చూడనిది, నాకు మీ విషయంలో గట్టి అనుమానం దీని మీదే. క్లచ్ మార్చాక పెడల్ ఎత్తు సరిచేస్తూ పుష్‌రాడ్‌ని (పెడల్ నొక్కుడుని మాస్టర్ సిలిండర్ అనే పంపుకి చేర్చే కడ్డీ) కాస్త ఎక్కువ తిప్పేస్తే పెడల్‌కి పైన ఉండాల్సిన ఆ కొద్దిపాటి ఖాళీ ఆట పోతుంది. అప్పుడు మాస్టర్ సిలిండర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, క్లచ్ ఆయిల్ (ఫ్లూయిడ్) ట్యాంకులోకి తిరిగిపోయే సన్న రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. అరగంట నడిచి ఇంజిన్ దగ్గర వేడెక్కగానే గొట్టంలో ఆ ఆయిల్ వ్యాకోచించి, వెనక్కి పోయే దారి లేక, రిలీజ్ బేరింగ్‌ని (ప్రెషర్ ప్లేటు పట్టు విడిపించేది) ముందుకి తోస్తుంది, అంటే మీ కాలు పెడల్ మీద లేకపోయినా ఎవరో కొంచెం నొక్కి పట్టుకున్నట్టే. కాబట్టి గమనించండి, పొద్దున్నే బాగుండి వేడెక్కాకే స్లిప్ అవుతోందా? అలాగైతే గేర్‌బాక్స్ మళ్ళీ దించకముందు పెడల్‌ని వేలితో నొక్కి చూడండి, బరువు తగలకముందు కొద్దిగా ఖాళీగా కదలాలి. అసలు కదలకపోతే పుష్‌రాడ్ అడ్జస్ట్ చేయించండి, స్పానర్‌తో పావుగంట పని. పాత రబ్బరు హోసు లోపల ఉబ్బినా ఇదే లక్షణం.

ఫ్లూయిడ్ లీకైనా గాలి చేరినా మాత్రం మామూలుగా స్లిప్ రాదు, ఉల్టాగా క్లచ్ సరిగ్గా విడవదు, గేరు పడేటప్పుడు కరకరమంటుంది. అది వేరే జబ్బు, రెండూ కలిపేసి వైద్యం చేయకూడదు.

ప్రశ్న: స్టీరింగ్ వెనక గేర్లు మార్చే ప్యాడిల్స్ ఉన్న పాత ఇటాలియన్ కారు కొనాలనుకుంటున్నా. క్లచ్ పెడలే లేదు కదా, మరి క్లచ్ అరుగుదల గురించి అందరూ ఎందుకు భయపెడుతున్నారు?

జవాబు: పెడల్ లేదు గానీ క్లచ్ ఉంది. ఫెరారీ 1997లో ఎఫ్355తో మొదలుపెట్టిన ఆ ఎఫ్1 గేర్‌బాక్స్ లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, ఒకే డ్రై క్లచ్ (ఆయిల్ లేకుండా పొడిగా పనిచేసేది), మీ కాలు చేసే పని హైడ్రాలిక్ పంపు చేస్తుంది. లంబోర్గిని ఈ-గేర్ కూడా ఇదే తరహా. దీన్ని ఆటోమేటిక్ అనుకుని ట్రాఫిక్‌లో ఎక్స్‌లరేటర్ ఇంతింత తాకుతూ పాకిస్తారు చూడండి, అప్పుడు కంప్యూటర్ క్లచ్‌ని అంతసేపూ జారిస్తూనే ఉంటుంది, మీ కాలికి ఏమీ తెలియదు. మాన్యువల్‌లో అయితే కాలు నొప్పి పుట్టి అయినా మానేస్తారు. అందుకే ఇలాంటి కారులో కదిలేటప్పుడు సందేహించకుండా కదిలి క్లచ్‌ని పూర్తిగా పట్టుకోనివ్వాలి.

కొనేముందు డయాగ్నస్టిక్ మెషీన్ పెట్టించి క్లచ్ అరుగుదల ఎంత శాతమో చూపించమనండి. కానీ ఆ అంకె రిలీజ్ బేరింగ్ పొజిషన్ నుంచి కట్టే లెక్క, క్లచ్ మార్చినప్పుడు కొత్త పొజిషన్ సరిగ్గా ఎక్కించకపోతే అంకె తప్పు చూపిస్తుంది, కాబట్టి మార్చిన కాగితాలు కూడా అడగండి. 2008 నుంచి పోర్షా పీడీకే గేర్‌బాక్స్, ఫెరారీ కాలిఫోర్నియా కారు లాంటి వాటిలో వచ్చిన డ్యుయల్ క్లచ్‌లు (వంతులవారీగా పనిచేసే రెండు క్లచ్‌లు) ఆయిల్‌లో మునిగి ఉంటాయి, ఆయిలే వేడిని మోసుకుపోతుంది, ఈ బాధ అక్కడ చాలా తక్కువ.

ప్రశ్న: ఎలాగూ మారుస్తున్నాం కదా, రేసింగ్ సిరామిక్ క్లచ్ వేయిస్తే ఇక గొడవ ఉండదా అన్నా?

జవాబు: రోజూ సిటీలో తిప్పే బండికైతే వద్దు తమ్ముడూ. సిరామిక్ బటన్ల ప్లేటు వేడిని బాగా తట్టుకుంటుంది నిజమే, కానీ మెత్తగా జారుతూ పట్టుకోవడం దానికి రాదు, పట్టుకుంటే ఒక్కసారిగా పట్టుకుంటుంది, ట్రాఫిక్‌లో బండి కుదుపులే కుదుపులు. ఆ కుదుపు తప్పించుకోవడానికి రైజ్ ఎక్కువ ఇస్తావు, మళ్ళీ అదే వేడి, ఫ్లైవీల్ కూడా తొందరగా గీతలు పడుతుంది. మంచి ఆర్గానిక్ లైనింగ్ (మామూలు కంపెనీ క్లచ్‌లలో ఉండే రకం), కాస్త గట్టి ప్రెషర్ ప్లేటు సరిపోతుంది.

వేయించాక మొదటి 500 నుంచి 800 కిలోమీటర్లు లాంచ్‌లు, ఫుల్ థ్రాటిల్ వద్దు. మెల్లగా ఆగుతూ కదులుతూ సిటీలో నడుపు, హైవే మీద ఆ కిలోమీటర్లు పూర్తి చేస్తే లెక్కలోకి రావు, ఎందుకంటే అక్కడ క్లచ్ రాసుకోదు కాబట్టి కొత్త లైనింగ్ ఫ్లైవీల్‌కి అతుక్కునేలా సర్దుకోదు. మొదటి రోజుల్లో కొంచెం వాసన వస్తే కంగారు పడకు, వారం తర్వాత కూడా వస్తుంటే మాత్రం బండి తీసుకెళ్ళి చూపించు.